తిట్టు దక్కని బావ

మొక్కజొన్న కొంటామని ప్రభుత్వం మైకు పెట్టి మరీ చెప్పింది. మేం అడగలేదు. వాళ్లే వచ్చారు. బడి ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు, ఈసారి ప్రతి గింజా మాదే అన్నారు, మా ఆడవాళ్లు డప్పులు కొడుతుంటే నడుం మీద చెయ్యేసుకుని నాలుగడుగులు ఆడి మరీ వెళ్లారు. ఆడిన కాళ్లు మళ్లీ ఈ దారిన కనిపించలేదు. మేం మాత్రం ఆ మాట నమ్మి, ఒలిచిన గింజలన్నీ బండ్లకెత్తుకుని సిమూండే డిపోకు తోలుకొచ్చాం. చలిరోజుల్లో దించిన బస్తాలు, ఎండలు ముదిరి నేల నోళ్లు తెరిచినా అక్కడే ఉన్నాయి. బస్తాల పక్కన మేమూ ఉన్నాం.

నన్ను బీనా ల్వేండో అంటారు, అంటే ల్వేండో వాళ్లమ్మ. మా టోంగా ఇళ్లలో మొగుడి పొలం మొగుడిది, పెళ్లాం పొలం పెళ్లానిది. ఆయన గాదెలో నేను చెయ్యి పెట్టను, నా గాదె మీద ఆయన కన్ను పడకూడదు. డిపో ముందున్న ఆ బస్తాలు నా పొలంలో పండినవి, నావి. వాటితో నాకు ఒకే ఒక్క పని ఉంది, ఎద్దు కొనాలి. పోయినేడు జబ్బు తగిలి మా ఎడ్లు ఒకదాని వెనక ఒకటి పడిపోయాయి. మరిది దగ్గర ఒంటెద్దు మిగిలింది. దానికి ఇంకొకటి జత కలిస్తే తొలకరికి నాగలి కదులుతుంది, లేకపోతే పార పట్టుకుని గోక్కోవాలి. పారతో గోకిన చెక్కలో ఏం పండుతుందో, ఇంటిల్లిపాదీ ఎన్నాళ్లు తింటారో ఏ ఆడదాన్నడిగినా చెబుతుంది.

హాచూంగో తాత దొడ్డిలో ఒక మచ్చల ఎద్దుంది. కాడికి మెడ బాగా అలవాటైన ఎద్దు, నెమ్మదైన చూపు. "నీ గింజలు కాటా అయినరోజు వచ్చి తోలుకుపోవే. అందాకా ఎవడికీ ఇయ్యను" అన్నాడు తాత. ఆయన మొక్కజొన్న కూడా నా పక్కనే ఉంది. ఇద్దరం ఒకే చెట్టు నీడలో కూర్చుని ఒకే గేటు వంక చూసేవాళ్లం.

ఇంతకీ ఎందుకు కొనరంటే, సంచులు లేవట. డిపో వాళ్లు తమ ముద్ర ఉన్న సంచిలో పోసిన గింజల్నే కాటా ఎక్కిస్తారు. ఆ సంచులు వాళ్లే ఇవ్వాలి. అవి రాజధాని లుసాకా నుంచి రావాలి. వస్తున్నాయి, బయల్దేరాయి, దారిలో ఉన్నాయి. ఏ దారిలో ఉన్నాయో మాత్రం ఎవరికీ తెలీదు. ఎరువు సంగతీ ఇంతే కదా! విత్తనంతోపాటు నేలలో పడాల్సిన ఎరువు, చేను మనిషెత్తు లేచి పూతకొచ్చాక ఇచ్చారు. దాన్నేం చేసుకోమంటారు, పూత మీద చల్లుకోమా? అదే ఎరువును వార్తల్లో చూపించి, రైతుకు అంత చేశాం ఇంత చేశాం అని చెప్పుకున్నారు. పోనీ మీరు కొనకపోతే మానె, సరిహద్దు దాటించి అమ్ముకుంటాం అంటే దారి మూసేశారు. దేశం ఆకలి తీర్చాలట. దేశం ఆకలి తీర్చేది మేము, మా కడుపు దగ్గరికొచ్చేసరికి దేశానికి సంచులు దొరకవు.

ఇక డిపో ఇన్‌చార్జి గురించి చెప్పాలి. అతని పేరు ఇమాసికు. పడమటి నుంచి, మోంగు వైపు నుంచి వచ్చిన లోజీ మనిషి. మా టోంగాలకూ లోజీలకూ తాతల కాలం నుంచి బావామరదళ్ల వరస. ముక్కూ మొహం తెలియని లోజీ వాడు బస్సులో పక్కన కూర్చున్నా సరే, వాణ్ని తిట్టొచ్చు, టోపీ లాక్కోవచ్చు, వాడి చేతిలో పల్లీలు గుంజుకుని తినొచ్చు. కోపం రాకూడదు. కోపం తెచ్చుకున్నవాడే తప్పు చేసినవాడు. చావింట్లో కూడా ఆ వరసవాళ్లే వచ్చి గొయ్యి తవ్వాలి, వంట చెయ్యాలి, ఏడ్చేవాళ్లను నవ్వించాలి. అందుకని ఇమాసికు గేటు తీసుకుని బయటికొస్తే చాలు, మా వాళ్ల నోళ్లు ఊరుకునేవి కావు.

"ఏం బావా, మీ జాతికి నీళ్లంటే భయమని విన్నాం. యేటా వరదొస్తే పడవెక్కి పారిపోతారంటగా. సంచులన్నా భయమేనా?" అనేదాన్ని నేను.

"సంచులిస్తే ఏం చేస్తావో నాకు తెలుసు మరదలా. మీ టోంగాలు సంచిలో ఆవును దాచి పక్కలో పడుకోబెట్టుకునే రకం."

"మీ తాతలు తోలుకుపోగా మిగిలిన ఆవులు బావా అవి. జాగర్త పడొద్దూ?"

"తోలుకుపోబట్టే కదా మీకు ఏడవడానికి ఒక పాట దొరికింది!"

అందరం పడీ పడీ నవ్వేవాళ్లం. అతనూ నవ్వేవాడు, పెద్ద పొట్ట కదిలేలా. అతని తల్లి నసిలేలె కూడా డిపో వెనకున్న క్వార్టర్‌లోనే ఉండేది. ఎండు చేప ముక్క బుగ్గన పెట్టుకుని, కర్ర పొడుచుకుంటూ మా చెట్టు కిందికి వచ్చి కూర్చునేది. "మీ పెరుగు కంపు భరించలేక మా ఇంట్లో చేపలు కూడా ముక్కు మూసుకుంటున్నాయే" అంటూనే ఆ చేపల్లో సగం మాకు పంచేది. "చేపలు తినీ తినీ ముల్లయిపోయావత్తా, నిన్ను మింగితే గొంతులో ఇరుక్కుంటావు" అనేదాన్ని. ఆవిడ దగ్గేంతగా నవ్వేది. ఎండాకాలమంతా ఆ దగ్గు ఆవిణ్ని వదల్లేదు.

ఇలా రోజులు నవ్వుల్లో పోయాయి. ఎలా పోయాయో తలచుకుంటే నా తల నేనే గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం తెల్ల లారీ ఒకటి వచ్చి గేటు ముందు ఆగింది. పట్నం నుంచి వచ్చిన వ్యాపారిది. అతను పొలంలో కాలు పెట్టిన మనిషి కాదు, చేతిలో ఫోను, కాళ్లకు తోలు బూట్లు. లారీ నిండా మొక్కజొన్న. అంతా డిపో ముద్ర ఉన్న సంచుల్లో, కొత్త సంచుల్లో! మడత కూడా పోలేదు. ఇమాసికు గేటు బార్లా తీయించాడు. మేం చెట్టు కింద కూర్చుని నోళ్లు తెరుచుకుని చూస్తుండగానే ఆ సంచులు ఒక్కోటీ కాటా ఎక్కి గోదాములోకి వెళ్లిపోయాయి.

లేచి కాటా దగ్గరికి వెళ్లాను.

"దొంగా! మాకు లేని సంచులు వాడికెక్కణ్నించి వచ్చాయిరా? మా నోటి దగ్గరి కూడు వాడికి అమ్ముకుంటున్నావా? నీ కడుపు కాలిపోను!"

అది హాస్యం కాదు. ఇమాసికు మొహంలో రంగు మారడం నేను చూశాను, ఒక్క క్షణం నిజంగా బెదిరాడు. తర్వాత చుట్టూ జనాన్ని చూసుకుని పొట్ట పట్టుకుని నవ్వాడు.

"విన్నారా మా మరదలి ముద్దుమాటలు! అవునే, నేను దొంగనే. దొంగల మనవణ్ని. మీ దొడ్డి ఎటువైపో చెప్పు, ఆవుల్ని కూడా తోలుకుపోతాను!"

హమాలీలు గొల్లుమన్నారు. వ్యాపారి నవ్వాడు. మా వాళ్లూ నవ్వారు. నా పక్కన బస్తాలు పెట్టుకున్న చూల్వే, నోటికి అడ్డూ ఆపూ లేని పిల్ల, అది కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వక ఏం చేస్తారు, బావ మాటకు నవ్వడం చిన్నప్పటి నుంచి అలవాటు. నా పెదాలు కూడా కదిలాయి. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ రోజు నాకు తెలిసొచ్చింది. మేం తిట్టిన ప్రతి తిట్టూ అతనికి గొడుగే అయింది. అదే మాట వేరే ఊరివాణ్ని, వరస కానివాణ్ని అనుంటే, వాడు జవాబు చెప్పాల్సి వచ్చేది. పది మందిలో నీళ్లు నమిలేవాడు. ఇతను బావ కాబట్టి, దొంగ అన్నా సరసమే అయిపోయింది. మా కోపం మా నోట్లోంచి బయటికొచ్చేలోపే నవ్వయిపోతోంది. ప్రభుత్వం తెలిసే పంపిందో తెలీక పంపిందో గానీ, టోంగాల మీదికి లోజీవాణ్ని పంపింది. ఇంతకంటే చల్లగా మమ్మల్ని ముంచే ఉపాయం ఇంకొకటి లేదు.

ఆ వారమే హాచూంగో తాత ఓడిపోయాడు. ఆయన భార్యకు కాళ్లు వాచి ఆస్పత్రిలో పడేశారు. చేతిలో పైసా లేదు. వ్యాపారి సగం ధరకు అడిగాడు, తాత ఇచ్చేశాడు. ఆయన కళ్ల ముందే గింజల్ని పాత బస్తాల్లోంచి కొత్త ముద్ర సంచుల్లోకి గుమ్మరించారు. పొద్దున్నే అదే మొక్కజొన్న డిపో గేటులోంచి దర్జాగా లోపలికి వెళ్లింది.

తాత చెట్టు కిందే కూర్చుని చూశాడు. "నా మొక్కజొన్న నాకంటే తెలివైందే. నాకు దొరకని దారి దానికి దొరికింది" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. తాత నా వైపు తిరిగాడు. "ఎద్దును వేరేవాళ్లు అడుగుతున్నారే. ముసల్దాని మందులకు కావాలి. వానలు పడ్డాక ఇంక ఎన్నో రోజులు ఆపలేను" అన్నాడు. తప్పు ఆయనది కాదు. సరేనన్నాను.

వాన మధ్యాహ్నం దాటాక వచ్చింది. ముందు గాలి లేచింది, ఎర్రమట్టి మొహాన కొట్టింది, తూర్పున ఆకాశం నల్లబడింది. గోదాము నిండిపోయి వ్యాపారి సంచులు కొన్ని ఆవరణలో బయటే పేర్చి ఉన్నాయి. ఇమాసికు టార్పాలిన్ పట్టాలు తీయించాడు. డిపోలో ఉన్న పట్టాలన్నీ ఆ సంచుల మీద కప్పించి, అంచులకు రాళ్లు పెట్టించాడు. మేం కంచె అవతల నిలబడి అరుస్తున్నాం.

"బావా, ఒక్క పట్టా! ఒక్కటంటే ఒక్కటి ఇవ్వు!"

"అవి కాటా అయిన సరుకుకే మరదలా! లోపలున్నది సర్కారు సొత్తు, బయటున్నది మీ సొత్తు. నా చేతుల్లో ఏముంది?"

ఆకాశం చిల్లు పడినట్టు కురిసింది. నడుముకు చుట్టుకున్న చిటెంగే గుడ్డలు విప్పి బస్తాల మీద పరిచాం. లోపలి లంగాలతో, వానలో, మగవాళ్ల ముందు. గుడ్డ ఏం ఆపుతుంది? బస్తాల మీద బోర్లా పడుకున్నాం. అప్పుడు నసిలేలె ముసలమ్మ వచ్చింది. తాను పడుకునే జమ్ము చాపలు రెండూ నెత్తిన పెట్టుకుని, కర్ర కూడా లేకుండా, బురదలో పడుతూ లేస్తూ వచ్చింది. ఒకటి చూల్వే బస్తాల మీద, ఇంకోటి నా బస్తాల మీద వేసింది.

"అమ్మా, లోపలికి రా! తడుస్తున్నావ్!" అని గేటు దగ్గర గొడుగు కింద నుంచి ఇమాసికు అరిచాడు.

"నీ పట్టాలు ఎవడి మీద కప్పావో చూశాన్రా. నోరు మూసుకుని లోపలికి పో!" అంది ఆవిడ.

వాన తగ్గేదాకా ఆవిడ నా పక్కనే ఆ చాప అంచు పట్టుకుని నిలబడింది. నేను పంపేద్దామని ఎంత చూసినా కదల్లేదు. ఒళ్లంతా వణుకుతూనే, "మీ గింజలు తడిస్తే ఇంక నాకు వినోదం ఏముందే, ఎవరిని తిట్టుకోను" అంది.

చాపలు ఆపగలిగింది కొంతే. ఆ వానకు మరికొన్ని వానలు తోడయ్యాయి. ఆ తర్వాత, నమ్మండి నమ్మకపోండి, సంచులు వచ్చాయి. బస్తాలు తడిసి మురిగాక, లారీ నిండా, ముద్రలతో సహా ఖాళీ సంచులు వచ్చాయి. ఇచ్చారు కూడా, చాలా మర్యాదగా. మేం మా బస్తాలు విప్పాం. లోపల చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది, పులిసిన పిండి వాసన కొట్టింది. అడుగున గింజలన్నీ తెల్లటి మొలకలు వేశాయి. మొలకెత్తని కాస్తా ఏరి, ఆరబెట్టి, ముద్ర సంచుల్లో నింపి కాటా దగ్గరికి మోసుకెళ్లాను. తేమ చూసే సూది సంచిలో గుచ్చి, ఇమాసికు తల అడ్డంగా ఊపాడు.

"తేమ ఎక్కువ. బూజు వాసన కూడా. తీసుకోలేను మరదలా" అని, నా మొహంలోకి చూసి ఒక అడుగు వెనక్కి వేసి, అప్పుడే నవ్వు సిద్ధం చేసుకున్నాడు. "ఊఁ, కానివ్వు. మొదలుపెట్టు. ఈసారి మా తాతలతో మొదలెడతావా, ముత్తాతలతోనా?"

చుట్టూ అందరూ నా నోటి వంకే చూస్తున్నారు. ఎప్పుడెప్పుడు అంటానా, ఎప్పుడెప్పుడు నవ్వుదామా అని. ఆ క్షణంలో నా కడుపులో ఉన్న మంటకు ఆ డిపో అంతా కాలిపోవాలి. నేను బురదలో మోకాళ్ల మీద కూర్చున్నాను. పెద్దవాళ్ల ముందు, పరాయి ఊరి పెద్దమనుషుల ముందు కూర్చున్నట్టు తల వంచి, రెండు చేతులూ మెల్లగా తట్టి వందనం చేశాను.

"అయ్యా, తమరు చెప్పింది విన్నాను. తమకు శ్రమ ఇచ్చాను. సెలవిప్పించండి" అన్నాను.

ఇమాసికు పకపకా నవ్వాడు. "ఇదేం కొత్త వేషమే!"

నేను తల ఎత్తలేదు. "వేషం కాదండయ్యా. తమరు ప్రభుత్వం వారు. నేను రైతును. నాకు తమతో వరస లేదండి."

అతని మొహం మీది నవ్వు చెరిగిపోయింది. "మరదలా?" అన్నాడు. నేను లేచి బస్తా భుజానికెత్తుకున్నాను. నా వెనక చూల్వే సంచికి సూది గుచ్చారు, కాదన్నారు. చూల్వే ఒకసారి నా వంక చూసింది. అది కూడా మోకాళ్ల మీద కూర్చుని చేతులు తట్టింది. "తమ దయ అయ్యగారూ" అంది. ఆ తర్వాత ఇంకో ఆవిడ, ఆమె తర్వాత ఇంకో ఆవిడ. ఎవరూ ఒక్క తిట్టు తిట్టలేదు.

అప్పటి నుంచి ఊళ్లో అతన్ని అందరూ 'అయ్యగారు' అన్నారు. దుకాణంలో అతనొస్తే లేచి చోటిచ్చారు. బోరింగు దగ్గర అతని భార్య బిందె పెడితే, "ముందు మీరు పట్టుకోండమ్మగారూ" అని పక్కకు తప్పుకున్నారు. కొత్తలో అతను నవ్వుతూ గిల్లేవాడు, టోంగాలను ఆవుపేడ అన్నాడు, పెరుగు పిడతలు అన్నాడు. "చిత్తం" అన్నారు మావాళ్లు. చూస్తూ చూస్తూ మనిషి నీరుగారిపోయాడు. నాకు జాలి వేసిందా అంటే వెయ్యలేదు.

నసిలేలె ముసలమ్మ ఆ వాన తర్వాత మంచం దిగలేదు. దగ్గు ముందునుంచీ ఉంది. వాన వల్లే అని నేననను, కాదనీ అనను. ఒక ఉదయం డిపో కాపలాదారు మా ఇంటి ముందుకొచ్చి నిలబడి, "మీ అత్త పోయింది" అన్నాడు. మోంగు దాకా తీసుకెళ్లే స్తోమత లేక ఇక్కడే పాతిపెడుతున్నారట. వరసవాళ్లు లేకుండా శవం ఇల్లు దాటదు కదా, రమ్మన్నారు.

చూల్వే పరుగెత్తుకుంటూ వచ్చింది. "అక్కా, వంట మనదే కదా! పై ఆఫీసర్లొస్తారు, ఆ లారీవాడూ వస్తాడంట. మన మురిగిపోయిన మొక్కజొన్న పిండి చేసి న్సీమా ముద్ద కలిపి పెడదాం. చేదుకు నోళ్లు ఊడిపోవాలి. చావింట్లో బావల వంట కాదనకూడదుగా, మింగి తీరాలి!"

"పెడితే ఏమంటారు?" అన్నాను.

"ఏమంటారు, తిట్టుకుంటూ మింగుతారు!" అంది.

"ఆహా మరదళ్ల సరసం అని నవ్వుతారు. చేతులు కడుక్కుని నవ్వుతూ కారెక్కి పోతారు. మంచి పిండి తీసుకురా."

వెళ్లాం. వరసకు రావలసిన పనులన్నీ చేశాం. మగవాళ్లు గొయ్యి తవ్వారు, మేం నీళ్లు మోశాం, పొయ్యిలు పెట్టాం. ముసలమ్మ దగ్గరికి నేనే వెళ్లాను. ఆవిడ గుడ్డ నా నెత్తికి చుట్టుకున్నాను, ఆవిడ కర్ర పట్టుకుని ఆవిడలాగే వంగి నడిచాను, బుగ్గన లేని చేపముల్లు ఊశాను. "లేవే ముసలీ, దొంగ నిద్రలా? నా బస్తాల మీద కప్పిన చాప తిరిగి అడక్కుండానే పోతున్నావా? అక్కడ మా టోంగాలు కనిపిస్తే ముక్కు మూసుకోకు, నీకు పెరుగు పోసేది వాళ్లే!" అని శవాన్ని తిట్టాను. లోపల చాపల మీద కూర్చున్న ఆడవాళ్లు ఏడుస్తూ ఏడుస్తూ నవ్వేశారు. నేనూ ఏడ్చాను. ఆవిడకు ఇవ్వాల్సిన తిట్టు ఒక్కటి కూడా మిగుల్చుకోలేదు.

ఇమాసికు గుమ్మం పక్కన కూర్చుని ఉన్నాడు. అతను ఎదురు చూస్తున్నాడని నాకు తెలుసు. తల్లి పోయిన కొడుకును వరసవాళ్లు వచ్చి లాగాలి, టోపీ పీకాలి, నీలాంటి మొద్దును కన్నందుకే చచ్చిపోయింది అనాలి. అప్పుడే అతను భోరుమంటాడు, గుండె తేలికవుతుంది. మేం అతని ముందు నుంచి పదిసార్లు నడిచాం. వెళ్లిన ప్రతిసారీ మోకాలు వంచి, "తమకు కలిగిన కష్టానికి చింతిస్తున్నామండి" అన్నాం. అతని కళ్లు పొడిగానే ఉన్నాయి.

పాతిపెట్టి వచ్చాక అందరికీ వడ్డిస్తున్నాం. నేను న్సీమా కుండ దగ్గర ఉన్నాను, చూల్వే కూర గిన్నె దగ్గర ఉంది. ఇమాసికు లేచి పొయ్యి దగ్గరికి వచ్చి, నా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"రేపు నీ బస్తాలు తీసుకురా. కాటా వేస్తాను" అన్నాడు, నేలను చూస్తూ.

గరిటె ఆపాను. "తడిసినవి కదండీ?"

"లోపల పొడి సంచుల మధ్య సర్దేస్తాను. ఎవరు చూస్తారు? నేనున్నాగా. నీ డబ్బు నీకొస్తుంది."

మచ్చల ఎద్దు ఇంకా తాత దొడ్డిలోనే ఉంది. రేపటి దాకా ఆగుతానన్నాడు. నేల ఇంకా తడిగానే ఉంది, నాలుగు రోజుల్లో దున్నేస్తే పంట దక్కుతుంది. ఇవన్నీ ఒక్కసారిగా నా కళ్ల ముందుకొచ్చాయి. వాటితో పాటే ఇంకోటి వచ్చింది. కుదురుతుందన్నమాట! అతని చేతుల్లోనే ఉందన్నమాట! వాన పడకముందూ ఉంది, సంచులు లేవన్నప్పుడూ ఉంది, ఒక్క పట్టా కోసం లంగాలతో వానలో నిలబడి మొత్తుకున్నప్పుడూ ఉంది.

"అందరివీనా అయ్యా? ఈ చూల్వేవి, మిగతావాళ్లవి?" అన్నాను.

"అందరివీ ఎలా కుదురుతుంది? నీ ఒక్కదానివే. ఎవరికీ చెప్పకు." అప్పుడు తల ఎత్తాడు. "ఒక్కసారి తిట్టవే. మా అమ్మను అంత బాగా తిట్టావు. నన్ను కూడా ఒక్క మాట అను."

మా అమ్మ నేర్పినవీ, మా అమ్మమ్మ నేర్పినవీ తిట్లన్నీ నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి. ఎదురుగా చూల్వే కూర గిన్నెలోకే చూస్తోంది, చెవులు మాత్రం ఇటే ఉన్నాయి. ఒక్క తిట్టు చాలు. ఒక్కటి జారితే అతను నవ్వుతాడు, నవ్వి ఏడుస్తాడు, రేపు నా బస్తాలు లోపలికి పోతాయి, మళ్లీ మేం బావామరదళ్లం. వచ్చే ఏడు మళ్లీ సంచులు రావు, మళ్లీ లారీ వస్తుంది, మేం దొంగా అని అరుస్తాం, అతను పొట్ట పట్టుకుని నవ్వుతాడు.

పళ్లెంలో న్సీమా పెట్టాను. బాగా తెల్లగా ఉన్నది, పైనున్నది చూసి పెట్టాను. కూర పోయించాను. అతని ముందు పళ్లెం ఉంచి, మోకాళ్ల మీద కూర్చుని, చేతులు తట్టాను.

"తమ తల్లిగారు చాలా మంచివారండి. తడిసిన సరుకు ప్రభుత్వం వారికి అమ్మడం మాకు మర్యాద కాదండి. భోంచెయ్యండి, చల్లారిపోతుంది."

అతను చేతులు కడుక్కోలేదు. పళ్లెం వంక చూస్తూ అలాగే కూర్చుండిపోయాడు. నేను లేచి, వరసలో తర్వాత ఉన్నవాళ్లకు వడ్డించడానికి వెళ్లాను.